వాన వెలిసినది

వాన రాకడయు ప్రాణము పోకడయు ఎవ్వరును ఎఱుగరని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతలో వాన రాకడయే కాని వాన పోకడ మాట లేదు. రాకడ మనకు తెలియదు గాని పోకడ కన్నులున్నవారి కెల్ల తెలియును. మబ్బు ఒక మూల పలుచబడును. చూరునుండి జాఱు బొట్టునకును బొట్టునకును ఎడము హెచ్చును. పట్టపగలే దీపము పెట్టవలసినంత చీకటిగా నున్న యింటిలో గోడమీద వెలుతురు మరల కనబడును. ఈ క్షణమును చెప్పుటకే తెలుగువారు ఒక క్రియను ఏర్పఱచుకొనిరి. వాన వెలిసినది అందురు. ఆగినది, తగ్గినది అను మాటలు వానకును వర్తించును, బండికిని వర్తించును, దగ్గునకును వర్తించును. వెలియుట మాత్రము, ఈ యర్థమున, వానకు దక్క మఱి దేనికిని చెల్లదు.

ఇంత చిన్న మాటకు ఇన్ని పుటలా యని చదువరులు అనుకొనవచ్చును. పెద్ద మాటలు పోయినప్పుడు పండితులు గగ్గోలు పెట్టుదురు. చిన్న మాటలు చప్పుడు లేక పోవును. వెలియు అను క్రియ నిఘంటువులలో భద్రముగానే యున్నది. పల్లెలలో వయసుమళ్ళినవారి నోట నున్నది. బడిపుస్తకములలోను, పత్రికలలోను, నగరములందలి చదువుకొన్న కుటుంబముల సంభాషణలోను నానాటికి అరుదగుచున్నది. అది యెక్కడినుండి వచ్చినది, దాని కడుపులో ఏమున్నది, మనమెట్లు దానిని పోగొట్టుకొనుచున్నాము అను సంగతులను విచారించుట మాకు అవసరమని తోచినది.

మేము నివసించు వారాసిగూడ ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమునకు ఆనుకొనియున్న పేట. ఆవరణము దాటి ఆవలికి పోయిన తార్నాక. ఈ పేటలలో కరీంనగరమునుండి, నల్లగొండనుండి, ఓరుగల్లునుండి చదువులకై వచ్చి గదులు అద్దెకు పుచ్చుకొన్న విద్యార్థులున్నారు. కోస్తాజిల్లాలనుండి ఉద్యోగములకై వచ్చి నిలిచిపోయిన కుటుంబములున్నవి. తరతరములుగా ఉర్దూ మాటలాడువారును ఉన్నారు. భాషను చెవియొగ్గి వినదలచినవారికి ఇంతకంటె మంచి కూడలి దొరకదు. ఒక శ్రావణమాసపు సాయంకాలమున ఇచ్చట ఒక అంగడి చూరుక్రింద వానకు తలదాచుకొన్నవారిలో మేమును ఉంటిమి. జోరు తగ్గినంతనే పుస్తకముల సంచి నెత్తిన పెట్టుకొని బయలుదేరబోవుచు ఒక విద్యార్థిని, "వాన ఆగింది గదా అవ్వా" అని కూరగాయల గంపముందు కూర్చున్న వృద్ధురాలితో ననెను. ఆమె ఆకాశమువంక చూచి, "ఆగలే బిడ్డా, జర తెర్పిచ్చింది గంతే. ఎలిసినంక పో" అనెను. కొంతసేపటికి వాన మరల దంచెను.

ఆ వృద్ధురాలి రెండు ముక్కలలో ఎంత యెఱుక యున్నదో చూడుడు. విద్యార్థినికి వాన రెండు స్థితులు గలది: పడుచుండుట, ఆగియుండుట. వృద్ధురాలికి ఆ నడుమ మఱికొన్ని మెట్లున్నవి. తెఱపి యనగా తెఱచుటనుండి వచ్చిన మాట. తలుపు తెఱచినట్లు మబ్బునడుమ కొంత సందు ఏర్పడుట తెఱపి. తెఱచిన తలుపు మరల మూతపడవచ్చును. తెఱపి నమ్మి ఎవ్వరును కల్లములో ధాన్యము ఆరబోయరు. వెలియుట వేఱు. ఆకాశము తేటపడి ఆ వాన కథ ముగిసినదని తేలుట వెలియుట. వెలిసిన పిమ్మట చాలదినములు చినుకు లేక పైరు వాడుట వఱపు. వఱపు ముదిరి గింజ చేతికి రాకపోవుట కఱవు. గంటలతో మొదలై సంవత్సరములవఱకు పోవు ఈ వరుసలో ప్రతిమెట్టునకును ఒక పేరున్నది. "ఆగింది" అను ఒక్క మాట తెఱపికిని చెల్లును, వెలియుటకును చెల్లును; అందుచేతనే ఆ బిడ్డ తడిసినది.

సేద్యము చేయువానికి ఈ భేదము మాటల ముచ్చట కాదు. వాన వెలిసినగాని నేల పదును చూచుటకు వీలులేదు. తడి మిక్కిలిగా నున్నప్పుడు నాగలి కట్టిన మన్ను పెళ్ళలు కట్టును. తడి ఆఱిపోయినపిదప విత్తిన గింజ మొలవదు. రెంటినడుమ నున్న కొద్ది దినములే పదును. చెలకనేలలో అది త్వరగా వచ్చి త్వరగా పోవును. నల్లరేగడిలో ఆలస్యముగా వచ్చి కొంత నిలుచును. ఆ దినముల లెక్క వాన మొదలైననాటినుండి కాదు, వెలిసిననాటినుండి. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని పదుమూడు పదునాలుగు దినముల కొకటిగా కార్తెలు లెక్కించుకొనుచు, ఏ కార్తెలో వాన యెప్పుడు కురిసెను, ఎప్పుడు వెలిసెను అని గుర్తుంచుకొన్న జాతికి ఈ క్రియ పంచాంగములో ఒక భాగము.

ఇక మాట పుట్టుక. 1816లో మదరాసున ఎల్లిసు దొర తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదనియు, తమిళ కన్నడములతో నొక్క కుటుంబమునకు చేరినదనియు చూపెను. 1856లో కాల్డ్వెల్లు ఆ కుటుంబమునకు వ్యాకరణము వ్రాసెను. నాటినుండి తెలుగు మాటల మూలములు వెదకువారు తోబుట్టువుల యిండ్లలో కూడ వెదకవలయునని తేలినది. వెలియు అను క్రియకు మూలము వెలి, అనగా తెలుపు. వెలిదామర తెల్లని తామర; వెలిగొడుగు తెల్లని గొడుగు; వెన్నెల తెల్లని నెల, అనగా తెల్లని చందమామ; వెల్లుల్లి తెల్లని ఉల్లి. వెల్లవేయుట, వెలవెలబోవుట, వెలుగు, వెలుతురు అన్నియు ఈ యింటివే. వెండియు ఇచ్చటిదే. తమిళమున వెండిని వెళ్ళి యందురు, కన్నడమున బెళ్ళి యందురు. తెలుగులో మాట మొదట వకారమున్నచోట కన్నడమున బకారము వచ్చుట సామాన్యము: మన వెన్న వారి బెణ్ణె, మన వేరు వారి బేరు, మన వెల్లుల్లి వారి బెళ్ళుళ్ళి. కావున వెలియుట యనగా తెల్లబడుట. బట్ట వన్నె తగ్గి తెల్లబడినప్పుడు రంగు వెలిసినది అందుము. మబ్బు నలుపు తగ్గి ఆకాశము తెల్లబడినప్పుడు వాన వెలిసినది అందుము. రెండును ఒక్కటే క్రియ; ఒకచోట నష్టము, ఒకచోట ఊరట.

ఇచ్చట ఒక మాట ప్రక్కకు పోయి చెప్పవలసియున్నది. వెలి యనగా బయలు అని మఱియొక అర్థమున్నది. వెలుపల, వెలివేయుట, వెలివాడ అనునవి దానినుండి వచ్చినవి. మనుష్యులను ఊరి బయట నుంచిన ఆ దుష్టాచారపు మాటకును, తెలుపును చెప్పు ఈ మాటకును అక్షరములు ఒక్కటే యైనను ద్రావిడ భాషల నిఘంటుకారులు వానిని వేఱువేఱు మూలములుగనే చూపుదురు. చుట్టఱికము కలుపవలెనని ఉబలాటపడువారున్నారు గాని, మేము ఆ పనికి పూనుకొనము.

తెలుపు ఉన్నచోట నలుపును ఉండవలయును గదా. అది కారు అను మాటలో నున్నది. కారుచీకటి, కారుమబ్బు అనునప్పుడు కారు నలుపు. తమిళమునను కారు అనగా నలుపు, మేఘము, వానకాలము అని మూడర్థములున్నవి. ద్రావిడులు నల్లని మబ్బును చూచి ఋతువునకే ఆ పేరు పెట్టిరి. మన తొలకరిలోని కరి ఈ కారే, తొలుకారు తొలకరియైనది. మబ్బు అను మాటకు సయితము మసక, చీకటి అను అర్థమున్నది. తెలంగాణమున "మబ్బుల లేచిన" అన్నచో వేకువజామున చీకటి యుండగనే లేచితినని యర్థము, ఆకాశమున మేఘమున్నను లేకున్నను. ముసురు అనునది ఈగలు ముసరుటవంటి ముసరుట. నాలుగువైపుల కమ్మి మూయుట. ముసుగును ముసురును ఒక యింటి బిడ్డలే యని మాకు తోచును. ఇట్లు వాన మొదలగుట యంతయు నల్లబడుటగను, మూతపడుటగను తెలుగుభాష చూచినది. దానికి సరిగా వాన ముగియుట తెఱచుటగను, తెల్లబడుటగను చూచినది. ఒకవైపు కారు, ముసురు. ఒకవైపు తెఱపి, వెలియుట. ఎవ్వరును కూర్చుండి కూర్చలేదు గాని, జత చక్కగా కుదిరినది.

ఇంతకంటె విశేషము మఱియొకటి కలదు. వాన అను మాటయే మొదట వాన కాదు. తమిళమున వానము అనగా ఆకాశము. వాన్ అనగా ఆకాశమును, వర్షమును గూడ. కన్నడమున బాన్, బాన అనగా ఆకాశము. తెలుగు ఆ మాటను ఆకాశమునుండి దింపి వర్షమునకు పరిమితము చేసినది. ఆకాశమునకు మిన్ను, విన్ను అను మాటలను మిగుల్చుకొన్నది. ఇప్పుడు "వాన వెలిసె" అను రెండు మాటలను వాని పాత యర్థములతో చదువుడు. "ఆకాశము తెల్లబడె" అని వచ్చును! నేడు ఆ వాక్యము పలుకు తెలుగువాని మనసులో ఆకాశము లేదు, తెలుపును లేదు. వర్షము నిలిచినదను తలంపు మాత్రమే యున్నది. కాని ఆ పలుకు కట్టుబడినప్పుడు దానిని కట్టినవాడు కన్నులెత్తి చూచినది మీదికే యని మా యూహ. వాన అను మాట అర్థము మారినను క్రియ దాని వెంటనే నడచివచ్చెను. వర్షము తెల్లబడుట యనగా ఏమి? వర్షమునకు రంగెక్కడిది? ఆకాశమును కర్తగా పెట్టుకొన్నచో చిక్కు విడిపోవును. ఇది ఊహయే, కాని వాన అను మాటకు ఆకాశమను నర్థముండుటయు, వెలి యనగా తెలుపగుటయు ఊహలు కావు.

పెఱదేశములవారు ఈ పనిని ఎట్లు చక్కబెట్టుకొనిరో చూచిన మన క్రియ విలువ మఱింత తెలియును. వాన కురియుచున్నదనుటకు ప్రతిజాతికిని ఒక కర్త కావలసివచ్చెను. సంస్కృతమున దేవో వర్షతి, దేవుడు వర్షించుచున్నాడు అందురు. పూర్వపు గ్రీకులు జ్యూసు దేవుడు కురియుచున్నాడని పలికిరి. ఐరోపానడుమ నున్న చెక్కులు కర్త జోలికే పోలేదు. "ప్రషీ" అను ఒక్క క్రియతో వాక్యమును ముగింతురు. ఎవరు, ఏది అని అడుగుటకు వీలులేదు. సన్నని తుంపరకు వారికి వేఱు క్రియ లున్నవి; వాన తేలిపోవుటకును ఒకటి యున్నది. "విచాసిలో సె" అందురు. దానిలోని "చాస్" అనునది కాలమును చెప్పు మాట. వారు వాన పోవుటను కాలము బాగుపడుటగా చూచిరి. మనము వెలుగు వచ్చుటగా చూచితిమి. మనకును కర్తలేని వాక్య మొకటి కలదు. ఇంటిలోనున్నవారు గడపలోనున్నవారిని "వెలిసిందా?" అని యడుగుదురు. ఏది వెలిసినదని ఎవ్వరును తిరిగి ప్రశ్నింపరు. ఒక్క క్రియ చాలును. వాన దానియందే యున్నది. "ఆగిందా?" అని యడిగిన, ఏమి ఆగినది, బండియా, కొళాయియా, గోలయా యని అడుగవలసివచ్చును.

తెలుగు వ్యాకరణము కూడ ఈ వానమాటలకు ఒక చక్కని వరుస యిచ్చినది. కురియు, తడియు, మెఱయు, వెలియు: నాలుగును యు అంతమందున్న క్రియలు. భూతకాలమున యకారము పోయి సకారము వచ్చును. కురిసెను, తడిసెను, మెఱసెను, వెలిసెను. మెఱయుటతో మొదలై వెలియుటతో ముగియు ఒక జడివాన కథ అంతయు ఒక్క గణములో నడచిపోవును.

కాని ఈ గణముననే ఒక చిక్కు పుట్టినది. వెలయు అని మఱియొక క్రియ యున్నది. ప్రకాశించుట, ప్రసిద్ధమగుట దాని యర్థము. కొండమీద దేవుడు వెలసెను అనునది ఇది. వ్రాతలో వెలసెను, వెలిసెను అని ఒక్క గుడి తేడా. నేటి పలుకులో ఆ తేడా నిలువలేదు. తెలుగునోటికి మాటనడుమ నున్న హ్రస్వాచ్చు, దాని తరువాత ఇకారమున్నప్పుడు, తానును ఇకారమగు అలవాటున్నది. నడచి నడిచి యైనది. అఱచి అరిచి యైనది. మెఱసి మెరిసి యైనది. అట్లే వెలసి వెలిసి యైనది. ఫలితముగా దేవుడును వెలిసెను, వానయు వెలిసెను, రంగును వెలిసెను. ఒకరు వచ్చుట, ఒకటి పోవుట, ఒకటి చెడుట ఒక్క మాటలో పడినవి. ఒక భాషలో ఇట్లు జరిగినప్పుడు బలవంతమైన అర్థము తక్కినవానిని త్రోసివేయును. పత్రికలు తెఱచి చూడుడు. చెఱువు శిఖములో అక్రమముగా కట్టిన యిండ్లు "వెలిశాయి" అని యుండును. రాత్రికి రాత్రి ఫలకములు "వెలిశాయి" అని యుండును. దేవునికి చెల్లిన గౌరవము కబ్జాదారునికి దక్కినది! వాన మాత్రము అచ్చులో వెలియదు, "తగ్గుముఖం" పట్టును. తగ్గుముఖము రోగమునకును వరదకును పుట్టిన మాట. ఏటి నీరు తగ్గుముఖము పట్టుట సరియే. వానకు దానిని తగిలించుట మన యింటి చెంబుండగా పొరుగింటి తపేలా యెరువు తెచ్చుకొనుట.

ఇదియంతయు తెలిసిచేసిన ద్రోహము కాదు. దీని వెనుక మన భాషాసంస్కరణచరిత్ర యంతయు ఉన్నది. 1852లో బ్రౌను దొర తన తెలుగు నిఘంటువును అచ్చొత్తించినప్పుడు కావ్యములలోని మాటలతోబాటు జనుల వాడుకలోని మాటలను గూడ కూర్చెను. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరము కావ్యభాషకు ప్రమాణమై నిలిచెను. పిమ్మట గిడుగు రామమూర్తి పంతులుగారు, జనులు పలుకని భాషను పిల్లలచే వ్రాయించుట అన్యాయమని వాదించి, 1940లో కాలధర్మము నొందువఱకు ఆ వాదమును విడువలేదు. వారి పక్షము గెలిచినది. గెలువవలసినదే. ఇట్లు పాతఫక్కిలో వ్రాయు మేము ఆ మాట చెప్పుట వింతగా నుండవచ్చును గాని, చెప్పక తప్పదు. అయితే గెలిచిన వ్యావహారికము ఎవ్వరి వ్యావహారికము? శిష్టుల వ్యావహారికము. శిష్టులు ఉద్యోగస్థులు, పట్టణవాసులు. వారికి పదునుతో పనిలేదు, కల్లముతో పనిలేదు. వాన వారికి గొడుగునకు సంబంధించిన విషయము. వారికి "ఆగింది" చాలినది. వెలియు అను క్రియ నిఘంటువునకును పొలమునకును ఉమ్మడి సొత్తు. నిఘంటువుభాష వెనుకబడినప్పుడు అది ఒక ఆధారమును పోగొట్టుకొన్నది. పొలము బడిలోనికి రానందున రెండవ యాధారమును దానికి అక్కఱకు రాలేదు.

హైదరాబాదు రాజ్యమున కథ మఱింత వంకరగా నడచినది. 1918లో ఇచ్చట ఉస్మానియా విశ్వవిద్యాలయము నెలకొన్నది. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పిన విద్యాలయమని దానికి దేశమంతట కీర్తి వచ్చెను. ఆ దేశభాష ఉర్దూ. రాయప్రోలు సుబ్బారావుగారివంటి కవి తెలుగుశాఖకు పెద్దగా నున్నను, తెలుగు అచ్చట ఒక పాఠ్యవిషయముగనే నిలిచెను గాని శాస్త్రములు చెప్పు భాష కాలేదు. పల్లెనుండి వచ్చిన తెలుగు విద్యార్థి ఇంట "ఎలిసింది" అని, బడిలో ఉర్దూ చదివి, తెలుగుపాఠమున కావ్యములు వల్లించెను. అతని యింటిమాట మూడింటిలో నెచ్చటను అచ్చులో కనబడలేదు.

అదే విశ్వవిద్యాలయమునకు 1962లో భాషాశాస్త్రాచార్యులై వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ వంకరను కొంత సరిచేసిరి. వారు అంతకు ముందటి సంవత్సరమే తెలుగు క్రియాధాతువుల పుట్టుపూర్వోత్తరములను విచారించిన గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించియుండిరి. 1962లోనే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును వెలువరించెను. అది వ్యవసాయపదముల సంపుటము. పండితులను గాక రైతులను అడిగి, ఏ మాట ఏ జిల్లాలో ఏ రూపమున వినబడుచున్నదో గుర్తించి కూర్చిన పుస్తకమది. తెలుగుదేశపు పలుకుబడిని ఉత్తరము, దక్షిణము, తూర్పు, మధ్యము అని నాలుగు మండలములుగా వారు విభజించి చూపిరి, తెలంగాణము ఉత్తరమండలము. కాడిక్రింద నున్న మాటను కావ్యములోని మాటతో సమానముగా పట్టికలో చేర్చవలెనను బుద్ధి గిడుగువారి వాదములో మిగిలిపోయిన సగము. ఆ సగమును చేతలలో చూపిన పని మా పేటకు ఆమడదూరము కూడ లేని ఆవరణమున పెరిగినదని తలంచినప్పుడు మాకు కొంత గర్వము కలుగును. కృష్ణమూర్తిగారు 1986 వఱకు ఉస్మానియాలోనే యుండిరి, 2012లో దివంగతులైరి. పదకోశములో చేరిన మాట బడిపుస్తకములో చేరుట మాత్రము మఱియొక పని. అది చాలవఱకు జరుగలేదు.

జరిగిన యుదాహరణమొకటి కలదు. 2020లో తెలంగాణ ప్రభుత్వము పంటల ఋతువులకు ఖరీఫు, రబీ అను పేర్లను విడిచి వానాకాలము, యాసంగి అను పేర్లను చేపట్టెను. ఖరీఫనగా అరబ్బీలో శరదృతువు, రబీయనగా వసంతము. జ్యేష్ఠాషాఢములలో విత్తు పంటకు శరత్తు పేరు తరతరములుగా కాగితములలో నడచినది. రైతులు తమలోతాము వానకాలపు పంట, యాసంగి పంట అనుకొనుట ఎన్నడును మానలేదు. ఒక యుత్తరువుతో వారి మాట కాగితము మీదికి వచ్చెను, కొద్దికాలములోనే పత్రికలు అలవాటుపడెను, ఆకాశమేమియు ఊడిపడలేదు.

వెలియుటకు ఉత్తరువుతో పనిలేదు. దానికి అడ్డమువచ్చునది మఱియొకటి: ఎలిసింది అను ఉచ్చారణ. బడిలో పిల్లవాడు "వాన ఎలిసింది" అని పలికిన, అది మోటమాట, ఆగింది అనుమని దిద్దిన ఉపాధ్యాయులను మేమెఱుగుదుము. దిద్దదలచినవారు వెలిసింది అని వకారము నందించిన సరిపోయెడిది, మాటనే మార్చివేసిరి. నిజమునకు ఆ వకారలోపమును కూడ తప్పని త్రోయుటకు వీలులేదు. మాట మొదటి వకారము జాఱిపోవుట తెలుగు పల్లెపలుకులలో అంతట కనబడు ధర్మము. వాన ఆన యగును, వెన్న ఎన్న యగును, వెలుగు ఎలుగగును, వెళ్ళుట ఎళ్ళుట యగును. ఒక్క మాటలో జరిగిన దానిని పొరపాటనవచ్చును. వరుసగా అన్ని మాటలలో జరుగుదానిని సూత్రమందురు. వెలసి వెలిసియగుట యెట్టిదో వెలిసి ఎలిసియగుటయు అట్టిదే. మొదటిది పట్టణమున జరిగినది గనుక శిష్టమైనది, రెండవది పల్లెలో జరిగినది గనుక మోటైనది. శబ్దశాస్త్రమునకు ఈ పంక్తిభేదము తెలియదు.

వ్రాయువారికి ఒక సౌకర్యమును మాత్రము సూచింపవచ్చును. గ్రాంథికమున వ్రాయువారు దేవునికి వెలసెను అనియు, వానకును రంగునకును వెలిసెను అనియు పాతభేదమును నిలుపుకొనవచ్చును, అది నిఘంటుసమ్మతము. వాడుకభాషలో వ్రాయువారికి మూడింటికిని వెలిసింది యనుటే గతి. దానిచే కలుగు చిక్కును కర్తయే తీర్చును, దేవుడు ఎచ్చటను వాన కాడు గనుక. వాన వెలిసిన వెనుక, వాన వెలిసేదాక, వాన వెలియకుండ, వెలిసీ వెలియని వాన అని దానిని అన్ని విభక్తులలోను తిప్పి వాడవచ్చును. కడపటిది తెఱపికిని వెలియుటకును నడుమ నున్న సన్నని సమయమునకు, గొడుగు ముడువనా వలదా యని మనుష్యుడు చేయి చాచి చూచుకొను సమయమునకు, సరిగా అతుకును.